వరుస

వరుస అన్న మాటకు తెలుగులో రెండు పనులున్నాయి. నల్లా దగ్గర బిందెలు పెట్టేది వరుసలో. పక్కింటామెను అక్క అనాలా, చిన్నమ్మ అనాలా అని తేల్చేదీ వరుసే. ఒక గోడకు ఇంకో గోడ ఆనించి కట్టినవి వరుస ఇళ్లు. హైదరాబాదులో అబిడ్స్‌కూ నాంపల్లికీ నడుమ ఉన్న సందుల్లో, ఒంటి అర్ర వాటాల్లో పెరిగినవాళ్లు తమ చిన్ననాటి సంగతులు చెప్పేటప్పుడు ఈ అర్థాలన్నీ కలిసిపోతాయి. 'అందరం ఒక్క ఇంటోళ్ల లెక్క ఉండేటోళ్లం' అంటారు. వయసు మీదపడ్డాక పుట్టే బెంగ అని ఆ మాటను పక్కన పెట్టేయడం తేలిక. నేను మాత్రం దాన్ని సాక్ష్యంగా తీసుకోవాలంటాను. ఇంతమంది, ఇన్ని కులాలవాళ్లు, రెండు మూడు భాషలవాళ్లు ఒకే మాట చెబుతున్నారంటే అక్కడ ఏదో జరిగి ఉండాలి. సాక్ష్యం అన్నాక దాన్ని అడ్డంగా ప్రశ్నించాలి కూడా. నాకు తోచింది ఇది: ఆ సందుల్లో చుట్టరికపు వరుసను పుట్టించింది నల్లా దగ్గరి వరుసే. అదే నిజమైతే, ఇవాళ పేదలకు కట్టిస్తున్న ఇళ్ల గురించి మనం అడగవలసిన ప్రశ్న మారుతుంది.

ఈ దగ్గరితనానికి మామూలుగా చెప్పే కారణాలు రెండు. పేదవాళ్ల మనసు పెద్దదని ఒకటి, ఆ కాలం మనుషులు మంచివాళ్లని ఇంకొకటి. రెండూ నిలవవు. పేదరికమే మనుషుల్ని కలిపేదైతే, పొద్దున్నే కూలి అడ్డా మీద నిలబడేవాళ్లంతా ఈపాటికి ఒకరికొకరు చుట్టాలైపోవాలి. లేస్తున్న అపార్టుమెంటు పక్కన రేకుల షెడ్లలో పాలమూరు నుంచీ ఒడిశా నుంచీ వచ్చిన కుటుంబాలు ఉంటాయి. ఇరుకు అక్కడా అంతే, లేమి ఇంకా ఎక్కువ. కానీ స్లాబు పడగానే మేస్త్రీ వాళ్లను ఇంకో సైటుకు తీసుకుపోతాడు. పక్క షెడ్డు పిల్ల పేరు నోటికి అలవాటయ్యేలోపే ఆ పిల్ల ఉండదు. ఇక కాలం మాట. ఆ మంచి కాలంలోనే ఇదే నగరంలో ఎత్తు ప్రహరీల వెనక బతికినవాళ్లూ ఉన్నారు. ప్రహరీ వెనక పిల్లలకు పక్కింటితో రోజూ పడే పనేమీ లేదు, తల్లులకు అంతకన్నా లేదు. కాబట్టి కారణాన్ని మనుషుల గుణంలో వెతికి లాభం లేదు. రోజూ వాళ్లు చేయక తప్పని పనుల్లో వెతకాలి.

నల్లానే తీసుకుందాం. పది పన్నెండు వాటాలకు ఒకటి. నీళ్లు వచ్చేది తెల్లవారుజామున, గంటో గంటన్నరో. బిందెలు రాత్రే వరుసలో చేరతాయి. ఇంట్లో ఉన్న బిందెలన్నీ నీళ్లతో నిండి ఉంటే ఓ ఇటుకో, పగిలిన బకెట్టో, చిల్లుపడ్డ నూనె డబ్బానో పెడతారు. ఆ ఇటుక మనిషితో సమానం. దాన్ని జరిపితే మనిషిని నెట్టినట్టే. ఇటుక తాలూకు ఇల్లు ఇంకా నిద్రలో ఉంటే ముందున్నామె పోయి తలుపు కొడుతుంది, ఎందుకంటే రేపు తాను నిద్రపోతే తన తలుపూ ఎవరో కొట్టాలి. ఒక్కొక్కరికి రెండు బిందెలు, తర్వాత మళ్లీ వెనక్కి. బాలింత ఉన్న ఇంటికి ఇంకొకటి. పొద్దు పొడవకముందే పనికి పోవలసిన మనిషి ఉంటే ఆ ఇంటికి ముందు వంతు. పెళ్లి జరిగే ఇంటికి ఆ పూట నల్లా మొత్తం. ఇవి ఏ గోడ మీదా రాసి లేవు, అయినా అయిదేళ్ల పిల్లకు కూడా తెలుసు. తగాదాలు జరగవా? జరుగుతాయి, బిందెలు సొట్టలు పడేదాకా జరుగుతాయి. అయితే పొద్దున నోరు పారేసుకున్న ఇద్దరూ సాయంత్రం ఒకే గడప దగ్గర బియ్యం ఏరుతూ కూర్చుంటారు. మర్నాడు మళ్లీ అదే నల్లా, అదే వరుస. ఎదుటి మనిషి ఎక్కడికీ పోదు, మనమూ పోము అన్న ఎరుకే అక్కడ రాజీ కుదిర్చే పెద్దమనిషి. నమ్మకం ముందుండి వరుస ఏర్పడలేదు. వరుస ముందు ఏర్పడింది, ఏళ్ల తరబడి అది నిలిచాక నమ్మకం వచ్చింది.

ఆ ఇళ్లలోంచి వచ్చిన పాత స్టీలు గిన్నె ఒకటి చేతిలోకి తీసుకుని అంచు చూడండి. చుక్కలు చుక్కలుగా ఒక పేరు చెక్కి ఉంటుంది. గిన్నెలు కొన్న దుకాణంలోనే చిన్న మిషనుతో పేరు చెక్కించేవాళ్లు. ఇల్లు దాటని గిన్నెకు పేరెందుకు? ఈ గిన్నె కూరతోనో, పచ్చడితోనో, పండగనాడు పాయసంతోనో నాలుగిళ్లు తిరుగుతుందని కొన్ననాడే తెలుసు. తిరిగి వచ్చేటప్పుడు అది ఖాళీగా రాకూడదు. ఏమీ లేకపోతే చిటికెడు చక్కెరైనా వేసి ఇస్తారు. ఇచ్చినది ఇచ్చినట్టు తిరిగివస్తే లెక్క తీరిపోతుంది, లెక్క తీరితే రాకపోకలు ఆగుతాయి. చక్కెర ఆ లెక్కను తీరనివ్వదు. రోజుకూలి మీద బతికే ఇంటికి ఇదెంత పెద్ద ఆధారమో ఆలోచించండి. బ్యాంకు వాళ్లను లోపలికి రానివ్వదు, వడ్డీ వ్యాపారి బయటికి పోనివ్వడు. ఆ రెంటికీ నడుమ మిగిలేది పక్కింటి చేబదులు. కాగితం లేదు, వడ్డీ లేదు, గడువు జీతం రోజు. దానికి హామీ నల్లా దగ్గర ఇన్నేళ్లుగా వంతు తప్పని ఆ మనిషి నడత.

ఇక పిలుపులు. తెలుగులో చుట్టరికపు పిలుపు ఉత్త మర్యాద మాట కాదు, అందులో పెళ్లి అనే గీత ఉంది. చిన్నమ్మ పిల్లలు అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ అవుతారు, మేనత్త పిల్లలు బావా మరదళ్లవుతారు. సందులో కొత్తగా దిగినవాళ్లతో వరుస కలుపుకునేటప్పుడు పెద్దవాళ్ల నోట ఈ లెక్క తెలియకుండానే పలుకుతుంది. కులం ఒకటైతే అత్త, మామ అనే పిలుపులు చొరవగా వస్తాయి. కులం వేరైతే ఎక్కువగా వినిపించేవి అక్క, అన్న, పెద్దమ్మ, చిన్నమ్మ. ముస్లిం ఇంటామెను పిల్లలు ఖాలా అంటారు. ఉర్దూలో ఖాలా అంటే తల్లి తోబుట్టువు, అంటే మన పెద్దమ్మో చిన్నమ్మో. ఎవరూ కూర్చుని తీర్మానించకపోయినా రెండు భాషలూ తల్లి వైపునే ఎంచుకున్నాయి. తిండి పెట్టే చేయి, జ్వరమొస్తే నుదురు పట్టిచూసే చేయి, తప్పు చేస్తే వీపు మీద పడే చేయి ఏ వరుసలో ఉంటుందో ఆ వరుస. పిల్లల మాటలే చూడండి: నల్లా, గల్లీ, కిరాయి, దవాఖాన. హైదరాబాదు తెలుగులోకి ఇవి అప్పటి రాజభాష ఉర్దూ నుంచే వచ్చాయనేది నిజం. అవి పిల్లల నాలుక మీద నిలిచింది మాత్రం ఇలాంటి సందుల్లో, నీళ్లడిగే చోట, ఆటలో తొండి పట్టుకునే చోట.

వంతు నమ్మకంగా మారాలంటే మనుషులు ఏళ్ల తరబడి కదలకుండా ఉండాలన్నాను. వీళ్లు అలా ఉండగలగడానికి కారణాలున్నాయి. 1907లో నాంపల్లి స్టేషను వచ్చింది. ఆరో నిజాం కొలువులో ఉండిన ఆల్బర్ట్ అబిడ్ పెట్టిన దుకాణం ఆ చుట్టుపక్కలకు పేరే ఇచ్చింది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమందిని మింగింది, వెనకే ప్లేగు. ఆ దెబ్బల తర్వాత 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు మురికివాడలు తీసేసి వెడల్పు వీధులూ కొత్త ఇళ్లూ కట్టే పని మొదలుపెట్టింది. నాంపల్లి ఆ పని జరిగిన తొలి చోట్లలో ఒకటి. సీఐబీ క్వార్టర్లు అన్న పేరు నగరంలో ఈనాటికీ వినబడుతుంది. 1935లో రాతి కట్టడం మొజంజాహీ మార్కెట్టు. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలైన నుమాయిష్ ప్రదర్శన 1946లో నాంపల్లి మైదానానికి మారింది, మామూలుగా ఏటా జనవరి 1న తెరుచుకుంటుంది. స్టేషనులో హమాలీ పని, ఉస్మాన్‌గంజ్‌లో బస్తాల పని, మార్కెట్టులో పండ్ల బండి, ప్రెస్సులో అక్షరాలు కూర్చే పని, అబిడ్స్ దుకాణంలో గుమాస్తాగిరీ, టాకీసులో టికెట్లు చింపే పని, అన్నీ నడిచిపోయేంత దూరం. మధ్యాహ్నం అన్నానికి ఇంటికి వచ్చిపోవచ్చు. పగలంతా సందులో ఎవరో ఒక పెద్ద మనిషి ఉంటాడన్నమాట. దీనికి కిరాయి చట్టం తోడైంది, హైదరాబాదు రాష్ట్రంలో 1954లో, ఆంధ్రప్రదేశ్‌లో 1960లో. యజమాని ఇష్టం వచ్చినప్పుడు ఖాళీ చేయించలేకపోయాడు, కిరాయి పెంచలేకపోయాడు. పెంచలేని కిరాయికి ఇంటి కప్పు బాగుచేయించే యజమానీ అరుదే, వాన కురిస్తే గిన్నెలు పెట్టుకున్నది కిరాయిదారులే. అయినా అదే చట్టం తాత ఉన్న వాటాలో మనవడిని పెరగనిచ్చింది. దగ్గరితనం గాలిలోంచి ఊడిపడలేదు. ఒక స్టేషను, ఒక మార్కెట్టు, ఒక చట్టం కలిసి దానికి నేల చదును చేశాయి.

ఇక్కడ బలమైన అభ్యంతరం ఒకటుంది, దాన్ని తప్పించుకోదలచుకోలేదు. ఈ జ్ఞాపకాలు ఎవరివి? చాలావరకు మగపిల్లలవి. గోలీలు, గిల్లీదండా, సంక్రాంతికి మిద్దెల మీద పతంగులు, నుమాయిష్ కంచె దగ్గర తచ్చాడటం. ఆడపిల్లల బాల్యం ఆ వేళ ఎక్కడుంది? నల్లా వరుసలో ఉంది. ఇటుక బదులు చాలాసార్లు నిలబెట్టింది ఆడపిల్లనే. నీళ్లు ఆలస్యమైతే ఆగింది ఆమె బడి. మరుగుదొడ్డి నలుగురిదైతే చీకటి పడేదాకా ఓర్చుకున్నదీ, తెల్లవారకముందే లేచిందీ తల్లులు. బాల్యం తియ్యగా ఉందంటే దాని ఖర్చు ఇంకెవరో భరించారన్నమాట. ఒప్పుకుంటాను. పిల్లవాడి జ్ఞాపకం అబద్ధం కాదు, అది జమ పక్క మాత్రమే రాసిన ఖాతా. కానీ ఖర్చు పక్క రాసిన ఆ ఆడవాళ్లకూ జమ లేకపోలేదు. అంగన్‌వాడీలు తెచ్చిన ఐసీడీఎస్ మొదలైంది 1975లో. అంతకుముందు పని మీద బయటికి పోవలసిన తల్లి చంటిదాన్ని ఎవరికి అప్పగించింది? 'కాస్త చూస్తుండు చిన్నమ్మా' అన్న ఒక్క మాట మీద ఆమె బయటికి అడుగు పెట్టగలిగింది. నీళ్ల మోత పోవాలి, ఆ మాట ఉండాలి. ఈ రెంటినీ విడదీయలేమనుకోవడమే పొరపాటు.

రెండో అభ్యంతరం ఇంకా కఠినం. అందరూ ఒక్క ఇంటివాళ్లైతే భాగ్యరెడ్డి వర్మకు ఈ నగరంలో పనేముంది? 1906లో ఆయన జగన్మిత్ర మండలి పెట్టారు. 1910 నుంచి బస్తీల్లో అంటరానివాళ్లుగా చూడబడిన పిల్లలకు బడులు తెరిచారు. ఆ బడులు అవసరమయ్యాయంటే, ఉన్న బడులు ఆ పిల్లలకు చోటివ్వలేదనే. నల్లా దగ్గరా అంతే. బిందెకు బిందె తగిలితే కడిగి మళ్లీ పట్టుకున్నవాళ్లున్నారు. వేరే గ్లాసులో నీళ్లిచ్చిన గడపలున్నాయి. కొందరు వరుస చివరనే నిలబడవలసి వచ్చింది, కొందరిని ఆ సందులోకే రానివ్వలేదు. చిన్నమ్మ అన్న పిలుపు పెళ్లి మాట వచ్చేసరికి ఆగిపోయింది. ఆ పిలుపు ఎంచుకున్నదే ఆ గీత దాటకుండా ఉండటానికని పైన చెప్పిన లెక్కే చూపిస్తోంది. దీన్ని నేను చిన్నది చేయను. అయినా వరుసలో ఒక గుణం ఉంది. ముందొచ్చినవాళ్లకు ముందు అన్న నియమం ఒకసారి ఒప్పుకున్నాక, ఒకరిని చివరకు నెడితే అది అన్యాయంగా అందరి కళ్లకూ కనబడుతుంది. గుడి లోపలి అంతరాన్ని శాస్త్రం చెప్పి సమర్థించేవాళ్లుంటారు. నల్లా దగ్గర ఇటుకను వెనక్కి జరిపి ఏ శాస్త్రం చెబుతారు? అడగడానికి వీలున్న చోట కొన్నాళ్లకైనా అడిగేవాళ్లు వస్తారు.

మతం సంగతికి వస్తే, 1990లో ఈ నగరం చూసిన అల్లర్లే చాలు, ఖాలా అని పిలిచినంత మాత్రాన అన్నీ చక్కబడవని తెలియడానికి. రాజనీతి శాస్త్రవేత్త అశుతోష్ వర్ష్‌ణే 2002లో వచ్చిన తన పుస్తకంలో హైదరాబాదును లక్నోతో పోల్చారు. రోజువారీ పలకరింపులు పల్లెలకు సరిపోతాయేమో గానీ నగరాల్లో శాంతిని కాపాడేది సంఘాలు, రెండు మతాలవాళ్లూ కలిసి ఉండే యూనియన్లు, పార్టీలు, వ్యాపార బంధాలు అని ఆయన వాదన. సందు ఒంటరిగా నగరాన్ని కాపాడలేదన్నంత వరకు ఆయనది నిజమే. కానీ సంఘం ఎక్కడి నుంచి మొదలవుతుంది? ఈ నగరంలో 1967లో పట్టణ సమాజాభివృద్ధి ప్రాజెక్టు మొదలైంది. అలాంటి పని ఏదైనా బస్తీలోకి పోయి మహిళా మండళ్లు పెట్టమంటే, ముందుకొచ్చేది వంతులు నడిపిన ఆడవాళ్లే. ఎవరి మాట నెగ్గుతుందో, ఎవరి చేతిలో డబ్బు భద్రమో సందుకు ముందే తెలిసి ఉంటుంది. పలకరింపు సంఘం కాదు, నిజమే. ఏళ్ల తరబడి నియమం తప్పకుండా సాగిన వంతు మాత్రం సంఘానికి ఒక మెట్టు కిందే ఉంది.

అందరి కళ్లూ అందరి మీదా ఉండే ఆ బతుకు ఊపిరాడనివ్వదు కదా అంటారు. అదీ నిజమే. ప్రతి గదికి తలుపు ఉండాలి, ప్రతి ఇంటికి నల్లా ఉండాలి, అందులో రెండో మాట లేదు. 2021 నుంచి జలమండలి నెలకు 20 వేల లీటర్ల దాకా ఉచితంగా ఇస్తోంది. ఆ మేరకు ఎందరో ఆడపిల్లల తెల్లవారుజాములు వాళ్లకు తిరిగి దక్కుతాయి. నా ప్రశ్న ఆ నల్లా ఎక్కడ పెట్టారు, దాని పక్కన ఎవరిని పెట్టారు అన్నది.

ఇది మనకొక్కరికే వచ్చిన ప్రశ్న కాదు. 1957లో మైకేల్ యంగ్, పీటర్ విల్మాట్ తూర్పు లండన్‌లోని బెత్నల్ గ్రీన్ కార్మిక కుటుంబాల మీద ఒక పుస్తకం రాశారు. ఆ ఇరుకు వీధుల్లోంచి ఊరి చివర కొత్త కాలనీకి పోయినవాళ్లకు మంచి ఇళ్లు, తోటలు దక్కాయి. దక్కనివి వీధి మలుపులో ఉండే తల్లి, గడప దగ్గర నిలబడి మాట్లాడే పొరుగు. బొంబాయిలో 1920లలో కట్టిన బీడీడీ చాళ్లలో ఒక్కో గది 160 చదరపు అడుగులు. తెలంగాణ నుంచి మిల్లు పనికి వలసపోయిన పద్మశాలీల పిల్లలు అలాంటి చాళ్లలోనే పెరిగారు. ఇప్పుడు వాటిని కూల్చి 500 చదరపు అడుగుల ఫ్లాట్లు కడుతున్నారు. అక్కడ ఒక మేలు ఉంది: పాతవాళ్లు అదే నేల మీద ఉంటారు. మన దగ్గరా ఆ దారి తెలియనిది కాదు. సికింద్రాబాదు బోయిగూడ ఐడీహెచ్ కాలనీలో పాత ఇళ్లు తీసేసి, అదే చోట రెండంతస్తులు లేపి, 2015లో 396 డబుల్ బెడ్‌రూం ఇళ్లిచ్చారు. పని అదే దూరం, బడి అదే దూరం, పొరుగు అదే పొరుగు.

2023లో కొల్లూరులో ప్రారంభించిన 15,660 ఇళ్లు ఇందుకు ఎదురు కొస. ఇళ్లు మంచివే, పదకొండు అంతస్తుల దాకా లేచినవి. నాంపల్లి నుంచి దాదాపు 30 కిలోమీటర్లు. స్టేషనులో మూట మోసే మనిషికి ఆ దూరం ఒక పూట సంపాదన. మధ్యాహ్నం అన్నానికి ఇంటికి రాలేడు, పగలు ఆ అంతస్తుల్లో పెద్దదిక్కు మిగలదు. అంతకన్నా పెద్ద లోటు ఇళ్లు పంచిన తీరులో ఉంది. నగరంలో లబ్ధిదారులను ఎంచింది కంప్యూటర్ డ్రా. పైరవీ లేకుండా చేయడానికి డ్రా మంచిదే. కానీ ముప్పై ఏళ్లు పక్కపక్కన బతికిన ఇద్దరిలో ఒకరి పేరు వస్తుంది, ఇంకొకరిది రాదు. ఇద్దరివీ వచ్చినా ఒకరు ఒక బ్లాకులో, ఇంకొకరు ఇంకో ఊళ్లో. చంటిదాన్ని అప్పగించిన చేయి ఎక్కడుందో తెలియదు. చేబదులు అడగడానికి ఎదురు తలుపు ఉంది, ఆ తలుపు వెనక ఉన్నవాళ్ల వంతు నడత తెలియదు. ఆ మనుషులకు కొత్త వరుస కలవడానికి మళ్లీ ఇరవై ఏళ్లు కావాలి. ఈసారి రోజూ వాళ్లను ఒకచోట నిలబెట్టే నల్లా కూడా లేదు.

డ్రాను తీసేయనక్కర్లేదు. ఒక్కో మనిషి పేరు బదులు ఒక్కో సందు పేరు డ్రాలో వేయవచ్చు. పేరు వచ్చిన సందులో అర్హులైన పది పన్నెండు ఇళ్లవాళ్లకు ఒకే అంతస్తు ఇవ్వవచ్చు, మెట్ల దగ్గర నలుగురు కూర్చునేంత అరుగు వదలవచ్చు. జాబితా రాసేది ఎలాగూ అధికారులే. కాగితం మీద ఇంటి నంబర్లు ఎక్కించేటప్పుడు ఎవరి పక్కన ఎవరున్నారో బస్తీలోకి పోయి అడిగితే, నల్లా దగ్గరున్న ఏ ఆడమనిషైనా ఆ వరుస తప్పు లేకుండా అప్పజెబుతుంది.